ఇరవై మూడు వరుసల అర్జీ

జూన్ 3వ తేదీ ఉదయం 10 గంటల 42 నిమిషాలకు సంకుపాలెం మత్స్య కార్యాలయంలోని కంప్యూటరు మొదలు కాలేదు.

స్విచ్ వేసినవారు జూనియర్ అసిస్టెంటు కిల్లి హేమసుందరి. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఇరవై మూడు వరుసలు వచ్చి ఆగిపోయాయి. ఆమె ఎంటర్ మీట నొక్కారు. మళ్ళీ నొక్కారు. వరుసలు కదలలేదు.

కార్యాలయానికి ఉన్న కంప్యూటరు ఇదొక్కటే. పడవల లైసెన్సులు ఇందులో తయారై పక్కనున్న ప్రింటరులో అచ్చవుతాయి. వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 15వ తేదీ ఉదయం లైసెన్సు లేని పడవను జెట్టీ దగ్గర పోలీసులు కదలనివ్వరు.

ఆ సమయానికి బల్ల ముందు సూరాడ గురమ్మ నిలబడి ఉన్నారు. వయసు 51. పది మీటర్ల ఫైబర్ పడవ ఒకటి ఆమె పేరున ఉంది. ఆమె మరిది లచ్చుమన్న, ఇంకో అయిదుగురు దాని మీద వేటకు వెళతారు. లైసెన్సు కోసం ఆమె మే 20న దరఖాస్తు ఇచ్చారు. అది కంప్యూటరులోకి ఎక్కింది. అచ్చు కావడమే మిగిలింది.

"ఏటమ్మా, నా కాయితం అయిపోయినట్టేనా?" అని ఆమె అడిగారు.

"ఒక్క నిమిషం గురమ్మగారూ. ఇదేదో రాసింది."

"రాయనీ. రాసినాక ఇవ్వు."

10 గంటల 50 నిమిషాలకు సూపరింటెండెంటు పొట్నూరు సదాశివం వచ్చి తెర చూశారు. ఆయనది 29 సంవత్సరాల సర్వీసు. ఆయన కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఇరవై మూడు వరుసలూ పైనుంచి కిందికి చదివారు. తరవాత హేమసుందరిని తపాలు రిజిస్టరు తెమ్మన్నారు.

ఇక్కడ "అక్షరానికి జవాబు" పథకం గురించి చెప్పాలి. అది ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు కొన్ని కార్యాలయాలు సంతకం లేదనీ, కాగితం చిరిగిందనీ అర్జీలను వెనక్కి పంపేవి. అది ఆపడానికి నిబంధన 4 రాశారు. దాని ప్రకారం, ఏ భాషలోనైనా, ఏ ఉపరితలం మీదనైనా, సంతకం ఉన్నా లేకున్నా, కార్యాలయంలో రాతపూర్వకంగా కనిపించిన ప్రతి అంశమూ అర్జీయే. దానికి నంబరు వేయాలి. నెలలోగా జవాబు ఇవ్వాలి. జవాబుల లెక్కను బట్టి జిల్లాలోని కార్యాలయాలకు వారం వారం ర్యాంకులు ఇస్తారు. సంకుపాలెం తొమ్మిది వారాలుగా మొదటి ర్యాంకులో ఉంది.

"ఇది అర్జీ కాదు సార్, కంప్యూటరు పాడైంది," అని హేమసుందరి అన్నారు.

"రాతపూర్వకంగా ఉందా లేదా?"

"ఉంది సార్."

"కార్యాలయంలో కనిపించిందా లేదా?"

"కనిపించింది సార్."

"మరి? వరుసకో నంబరు వెయ్యమ్మా. పైగా చూశావా, ప్రతి వరుస ముందూ బ్రాకెట్లలో అర్జీదారు తమ రిఫరెన్సు నంబరు తామే వేసుకున్నారు. దశాంశంతో సహా వేశారు. ఇంత క్రమశిక్షణ గల అర్జీ నా సర్వీసులో రాలేదు."

ఇరవై మూడు నంబర్లు వేశారు. అర్జీదారు పేరు అన్న గడిలో ఏం రాయాలని హేమసుందరి అడిగారు. "కంప్యూటరు" అని రాయమన్నారు. చిరునామా గడిలో "ఈ కార్యాలయమే, కిటికీ పక్క" అని రాశారు.

మధ్యాహ్నం 2 గంటల 15 నిమిషాలకు కాంట్రాక్టు టెక్నీషియన్ బెహరా ధనుంజయ్ వచ్చాడు. చివరి వరుసలు చదివి, విషయం చెప్పాడు.

"సార్, స్విచ్ వెయ్యగానే లోపల ముందు లేచేది కెర్నెల్. అది లేచి ఒక్కొక్క భాగాన్నీ పలకరించుకుంటూ, కనపడింది కనపడినట్టు రాసుకుంటూ పోతాది. బ్రాకెట్లో ఉన్నవి నంబర్లు కావు సార్, లేచి ఎన్ని సెకన్లయిందో ఆ లెక్క. మిగతా సరుకంతా ఉండే డిస్కు కోసం ఎతికింది. దొరకలేదు. ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదని రాసి ఆగిపోయింది. నిన్న ఈ బల్లేమైనా జరిపారా?"

జరిపారు. మొదటి ర్యాంకు ధ్రువపత్రంతో సిబ్బంది ఫొటో దిగడానికి జరిపారు.

"అయితే డిస్కు వైరు ఊడుంటాది. పెట్టె తెరిచి నొక్కితే రెండు నిమిషాల పని. ముందోసారి మొదటినించీ చూద్దారి," అని అతను పవర్ మీట నొక్కి, మళ్ళీ వేశాడు. వరుసలు పరుగెత్తాయి. వాటిని ఫోనులో వీడియో తీశాడు. అతను పని చేసే పద్ధతి అదే.

వీడియోలో 611 వరుసలు ఉన్నట్టు తేలింది. వాటికీ నంబర్లు వేశారు. మొత్తం 634 అయ్యాయి.

ధనుంజయ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. సూపరింటెండెంటు అతని చెయ్యి పట్టుకున్నారు.

"నిబంధన 9 చదివావా? అర్జీ పెండింగులో ఉండగా సిబ్బంది గానీ, కార్యాలయం పనిమీద వచ్చినవారు గానీ అర్జీదారును తాకడం, బెదిరించడం, స్థలం మార్చడం నిషిద్ధం."

"తాకకపోతే బాగెలా చేస్తాను సార్?"

"జవాబు ఇచ్చాక చేద్దువుగాని. ఇప్పుడు దాని నోరు మూయిస్తే, అర్జీదారును లొంగదీసుకున్నారంటారు. ఇంకోమాట. మళ్ళీ స్విచ్ వెయ్యకు. ఇంకో ఆరువందల పదకొండు వస్తాయి."

గురమ్మ ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి విన్నారు.

"బాబూ, నా కాయితం దాని కడుపులో ఉంది గదా. తియ్యనీయరా?"

"అమ్మా, మీరూ అర్జీ ఇవ్వండి. మీకూ జవాబొస్తుంది."

గురమ్మ కాగితం మీద రాసి ఇచ్చారు. దానికి 635వ నంబరు పడింది. జవాబులు వరుస క్రమంలో ఇవ్వాలి. రోజుకు యాభై చొప్పున ఇస్తే ఆమె వంతు జూన్ 20 దాటాక వస్తుందని హేమసుందరి లెక్క కట్టి చెప్పారు.

"పదిహేనుకి పడవ కదలకపోతే కళాసీలు ఇంకో పడవెక్కీసి ఎల్లిపోతారమ్మా. ఒకసారి ఎల్లినోళ్లు ఏడాదంతా రారు. మా లచ్చుమన్న ఒక్కడూ వల లాగగల్డేటి?" అని గురమ్మ అన్నారు.

"నేనేం చెయ్యనండీ. మీ ముందు ఆరువందల ముప్పై నాలుగున్నాయి."

"మనిసి ముందు మిషినా?"

"అది ముందొచ్చిందండి."

జూన్ 5 నుంచి జవాబులు మొదలయ్యాయి. వరుసకు అర్థం ధనుంజయ్ చెప్పాడు. చర్య సూపరింటెండెంటు నిర్ణయించారు. హేమసుందరి రాశారు.

గడియారం నమ్మదగినదిగా లేదని 88వ వరుసలో ఉంది. అది కంప్యూటరు లోపలి గడియారమని ధనుంజయ్ చెప్పాడు. గోడ గడియారాన్ని పరిశీలించారు. పన్నెండు నిమిషాలు వెనక ఉంది. సరిచేసి, "తమరి ఫిర్యాదు వాస్తవమని తేలినందున కృతజ్ఞతలు" అని జవాబు ఇచ్చారు.

వేడి పరిమితి మించిందని 140వ వరుసలో ఉంది. కార్యాలయానికి ఒక ఫ్యాను కావాలని సిబ్బంది ఆరేళ్లుగా అడుగుతున్నారు. ఈసారి అడిగినది అర్జీదారు కనుక మూడు రోజుల్లో వచ్చింది. దాన్ని కంప్యూటరు వైపు తిప్పి పెట్టారు. హేమసుందరి కుర్చీని రెండడుగులు అటు జరుపుకున్నారు. కుర్చీ జరపడం అర్జీదారును ప్రభావితం చేయడం కిందికి రాదని ఆమె ముందే నోట్ రాసి సంతకం చేయించుకున్నారు.

మొదట తెర మీద ఆగిన ఇరవై మూడు వరుసల్లో చివరినుంచి నాలుగోది "అందుబాటులో ఉన్న విభాగాలు ఈ కింద ఇవ్వబడినవి" అంటోంది. దాని కింద ఏమీ లేదు.

"అంటే ఒక్క డిస్కూ కనపడలేదని సార్. జాబితా ఖాళీ. ఉన్న సంగతంతా ఈ ఒక్క వరుసలోనే ఉంది," అని ధనుంజయ్ అన్నాడు.

"జతపరిచామని రాసి జతపరచలేదు. సాధారణంగా జరిగేదే," అని సూపరింటెండెంటు అన్నారు. "జతపత్రాలు పంపవలసిందిగా రిమైండరు వెయ్యండి."

రిమైండరు వేశారు. జతపత్రాలు రాలేదు. రెండో రిమైండరు వేశారు.

జవాబు అందినట్టు అర్జీదారు సంతకం తీసుకోవాలి. అర్జీదారు సంతకానికి నిరాకరిస్తే, ఇద్దరు సాక్షుల ఎదుట నివాసానికి అంటించాలి. జూన్ 7న మొదటి ఇరవై మూడు జవాబులను మానిటరు మీద అంటించారు. మొదటి సాక్షిగా అటెండరు సంతకం చేశాడు. రెండో సాక్షి కార్యాలయానికి చెందనివారై ఉండాలి. రోజూ వచ్చి కూర్చుంటున్నది గురమ్మ ఒక్కరే. ఆమె ఇరవై మూడు సంతకాలు చేశారు.

"పెళ్లికి కూడా ఇన్ని సాచ్చికాలు నేవు," అని ఆమె అన్నారు.

జూన్ 9 ఉదయం 11 గంటల 5 నిమిషాలకు పథకం కాల్ సెంటరు నుంచి ఫోను వచ్చింది. జవాబు అందిన ప్రతి అర్జీదారుకూ ఫోను చేసి తృప్తి కలిగిందా అని అడుగుతారు. అర్జీదారు చిరునామా కార్యాలయమే కనుక కార్యాలయానికి చేశారు. సూపరింటెండెంటు రిసీవరును సీపీయూ పెట్టెకు ఆనించి పట్టుకున్నారు. నలభై సెకన్ల తరవాత తన చెవి దగ్గర పెట్టుకున్నారు.

"అర్జీదారు మాట్లాడటం లేదండీ," అని కాల్ సెంటరు అమ్మాయి అంది. "మౌనంగా ఉంటే అసంతృప్తి అని నొక్కాలి. నొక్కేస్తున్నా."

"అమ్మా, వారి స్వభావమే అంత. కొంచెం ఆగు."

"నొక్కేశానండి."

ఇరవై మూడు సార్లు ఫోను వచ్చింది. ఇరవై మూడు అసంతృప్తులు నమోదయ్యాయి. సాయంత్రానికి సంకుపాలెం ర్యాంకు ఒకటి నుంచి పదకొండుకు పడింది. సంయుక్త సంచాలకులు కస్పా ముకుందరావు స్వయంగా విచారణకు వస్తున్నట్టు మర్నాడు ఉత్తర్వు వచ్చింది. 634 అర్జీలనూ కలిపి ఒకే విచారణగా వింటారు. తేదీ జూన్ 14. గురమ్మ అర్జీ జూలై 2న జరిగే తరవాతి విచారణ జాబితాలో ఉంది.

జూన్ 14 ఉదయం 11 గంటలకు విచారణ మొదలైంది. సంయుక్త సంచాలకులు కంప్యూటరుకు ఎదురుగా కూర్చున్నారు. అర్జీదారు ముందు కూడా ఒక టీ పెట్టారు. సాక్షి కనుక గురమ్మను బెంచీ మీద కూర్చోబెట్టారు. మానిటరు మీద అంటించిన జవాబులను పక్కకు ఒత్తిగించి తెర కనిపించేలా చేశారు.

"అర్జీదారు వాదన వినకుండా నిర్ణయం వెలువరించడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. మాట్లాడనివ్వండి," అని సంయుక్త సంచాలకులు అన్నారు.

ధనుంజయ్ స్విచ్ వేశాడు. 611 వరుసలు పరుగెత్తాయి.

"నెమ్మదిగా చెప్పమనండి."

"దాని వేగం అదే సార్."

"చాలా ఆవేదనతో ఉన్నారు. విచారణలో చెప్పినది వాంగ్మూలమే తప్ప కొత్త అర్జీ కాదని నమోదు చేసుకోండి."

హేమసుందరి రిజిస్టరు మూశారు.

"అర్జీదారు కోరుతున్నది ఏమిటి?"

"డిస్కు కనపడటం లేదంటోంది సార్," అని ధనుంజయ్ అన్నాడు. "వైరు ఊడింది. నాకు రెండు నిమిషాలిస్తే..."

"మీరు అర్జీదారు తరఫు న్యాయవాదా?"

"కాదు సార్. టెక్నీషియన్ని."

"అయితే కూర్చోండి." సంయుక్త సంచాలకులు ఫారం తిరగేశారు. "అసంతృప్తి చెందిన అర్జీదారుకు శాఖ తన పరిధిలోని లబ్ధిని ఒకటి చేకూర్చి, ఆ గడి నింపితే తప్ప ఫైలు ముగియదు. మన పరిధిలో ఏమున్నాయి?"

"వలలు, ఐసు పెట్టెలు, పడవ లైసెన్సులు సార్," అని సూపరింటెండెంటు చెప్పారు. "వలలు, ఐసు పెట్టెలు మూడేళ్లుగా రావడం లేదు."

"లైసెన్సు?"

"లైసెన్సు అచ్చు కావాలంటే కంప్యూటరు పనిచెయ్యాలి సార్. అర్జీదారే కంప్యూటరు."

"పథకం లబ్ధిదారులకు చేతిరాత లైసెన్సు జారీ చేసే ప్రత్యేకాధికారం నాకు ఉంది. పాత ఫారాలు ఉన్నాయా?"

బీరువా కింది అరలో ఒక్కటి దొరికింది. దాని మూలను చెదలు కొంత తిన్నాయి. పేరు గడిలో "కంప్యూటరు" అని సూపరింటెండెంటు రాశారు. తండ్రి లేదా భర్త పేరు గడిలో అడ్డగీత పెట్టారు. తరవాత ఆగారు.

"పడవ నంబరు వెయ్యాలి సార్. అర్జీదారుకు పడవ లేదు."

గురమ్మ బెంచీ మీంచి లేచారు.

"నా పడవుంది బాబూ."

"మీరు సాక్షి కదమ్మా," అని సంయుక్త సంచాలకులు అన్నారు.

"సాచ్చినే. పడవ కూడా ఉంది. దానికి కాయితం ఉంది, పడవ నేదు. నాకు పడవుంది, కాయితం నేదు. ఈ ఏడాదికి నా పడవ దాన్నే వాడుకోమనండి. ఊరకే ఇత్తాను. మా వోళ్లే నడుపుతారు."

"అర్జీదారు సమ్మతి?"

"అడగండి. కాదంటాదేటి?"

సంయుక్త సంచాలకులు కంప్యూటరు వైపు తిరిగి, అభ్యంతరం ఉంటే తెలపవలసిందిగా కోరారు. ఒక నిమిషం వేచి చూశారు. అభ్యంతరం రాలేదని నమోదు చేశారు. పడవ నంబరు వేశారు. మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు లైసెన్సు మీద సంతకం, ముద్ర పడ్డాయి.

పాత ఫారంలో ఏడో షరతు ఒకటి ఉంది. సూపరింటెండెంటు దాన్ని పైకి చదివారు. "లైసెన్సుదారు వేట సమయంలో స్వయముగా పడవలో ఉండవలెను. సిబ్బందిని మాత్రమే పంపరాదు."

"ఉంటాది," అని గురమ్మ అన్నారు. "మానిటరు కూడా రావాలా, పెట్టొకటే చాలునా?"

లైసెన్సుదారు అంటే సీపీయూ పెట్టె మాత్రమేనని ధనుంజయ్ స్పష్టం చేశాడు. సొంత పని మీద వెళ్లడం స్థలం మార్చడం కిందికి రాదని సంయుక్త సంచాలకులు స్పష్టం చేశారు.

"ఫైలు ముగిసింది కదా సార్, ఇప్పుడు వైరు పెట్టీమంటారా?" అని ధనుంజయ్ అడిగాడు.

"అప్పీలుకు ముప్పై రోజుల గడువు ఉంది. అంతవరకు సిబ్బంది ఎవరూ తాకరాదు."

సాయంత్రం లచ్చుమన్న వచ్చి సీపీయూను భుజాన వేసుకుని వెళ్లాడు. అతను సిబ్బంది కాదు.

జూన్ 15 ఉదయం 5 గంటల 10 నిమిషాలకు జెట్టీ దగ్గర మెరైన్ కానిస్టేబుల్ పడవ ఆపి కాగితం అడిగాడు. లచ్చుమన్న ఇచ్చాడు.

"కంప్యూటరెవరు?"

"అదిగో. లైఫ్ జాకెట్టేసుకుని కూకుంది."

సీపీయూను పాలిథిన్ కవరులో చుట్టి, పైన ఆరెంజి రంగు జాకెట్టు తొడిగి, పడవ నడిమి బల్లకు తాడుతో కట్టారు. కానిస్టేబుల్ టార్చి వేసి చూశాడు. కాగితం చూశాడు. ముద్ర సరిగానే ఉంది.

"మొత్తం ఎంతమంది?"

"ఏడుగురం."

అతను ఏడు అని రాసుకున్నాడు.

పక్క పడవ మీంచి ఎవరో కేకేశారు. "ఒరే లచ్చన్నా, కొత్త కళాసీ నోరిప్పడేటిరా?"

"నీకన్నా మేలురా. బీడీ అడగడు."

పడవ మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు తిరిగి వచ్చింది. నాలుగు బుట్టల కానాగంత చేపలు, రెండు బుట్టల కవళ్లు పడ్డాయి. సంకుపాలెంలో పడవ దిగిన ప్రతి ఒక్కరికీ కూర వాటా పెడతారు. చుట్టపుచూపుగా పడవెక్కినవారికైనా పెడతారు. పెట్టకపోతే మర్నాటి వేట చెడుతుందని నమ్మకం. గురమ్మ ఆరుగురికీ పెట్టి, ఏడో వాటాను తాటాకు బుట్టలో వేయించి, సీపీయూతో పాటు కార్యాలయానికి పంపించారు. పన్నెండు కానాగంతలు ఉన్నాయి.

"ఇవెవరికి?" అని హేమసుందరి అడిగారు.

"దాని వాటా అమ్మా," అని లచ్చుమన్న సీపీయూను చూపించాడు. "ఒదిన పంపింది. పొద్దున్నే మళ్ళీ ఒస్తాను, ఈడిని తీసికెళ్లడానికి."

ఇంటికి తీసుకువెళ్లవచ్చా అని అటెండరు అడిగాడు. సూపరింటెండెంటు నిబంధన 12 చూశారు. అర్జీదారుకు చెందిన వస్తువులను అర్జీదారు స్వయంగా స్వీకరించేవరకు కార్యాలయం భద్రపరచాలి. అన్యాక్రాంతం చేయరాదు. చేపలను బీరువాలో పెట్టి, తాళం వేసి, లక్కతో సీలు వేశారు.

జూన్ 16న కూడా పడవ వెళ్లింది. ఉదయం 10 గంటల 30 నిమిషాలకు కాల్ సెంటరు నుంచి ఫోను వచ్చింది. అర్జీదారును పిలవమన్నారు.

"లేరండి," అని హేమసుందరి ముక్కుకు చీర కొంగు అడ్డుపెట్టుకుని చెప్పారు. "వేటకెళ్లారు."

"లబ్ధి చేకూరి పనిలో ఉన్నారా? అయితే సంతృప్తి అని నొక్కేస్తున్నానండి."

ఆ సాయంత్రం ర్యాంకులు వెలువడ్డాయి. సంకుపాలెం మళ్ళీ మొదటి స్థానానికి వచ్చింది. అదే సమయానికి లచ్చుమన్న సీపీయూను, రెండో రోజు వాటాగా తొమ్మిది కానాగంతలను, ఒక వంజరం చేపను తెచ్చి ఇచ్చాడు. మొదటి బీరువా సీలు విప్పడానికి అనుమతి లేనందున వాటిని రెండో బీరువాలో పెట్టారు.

జూన్ 17 ఉదయం 10 గంటల 55 నిమిషాలకు సిబ్బంది గది ఖాళీ చేసి, బల్లలు బయటికి తెచ్చుకుని వరండాలో కూర్చున్నారు. ఆ సమయానికి అర్జీదారు సముద్రంలో ఉన్నారు.